మా బావ ఎడమ మడమ

మా బావ కొక్కెం తగిలించాడంటే ఇక వదలడు. గోడౌన్లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. హమాలీ పనిలో మా అందరి చేతిలోనూ ఒక ఇనప కొక్కెం ఉంటుంది. లారీ మీదున్న బస్తాకి దాన్ని తగిలించి, అంచు దాకా గుంజి, గిరుక్కున వీపు తిప్పి, బస్తాను వీపు మీదికి వాల్చుకుంటాం. గుంజడం, తిరగడం, వాల్చుకోవడం మూడూ ఒక్క ఊపిరిలో అయిపోవాలి. మధ్యలో ఆలోచిస్తే నడుం పోతుంది. నేను ఈ పని పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. నా నడుం సంగతి అడక్కండి. బావ ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్నాడు.

మనిషి పొట్టి. కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి ఉంటుంది. కొత్త చొక్కా వేసుకుంటే హేంగరుకి వంకరగా తగిలించినట్టు కనిపిస్తాడు. నాలుగో తరగతి మధ్యలో బడి అయిపోయింది. "నేను మానలేదురా, బడే నన్ను దింపేసింది" అంటాడు, బస్తా గురించి చెప్పినట్టు. బస్తాలతో మాట్లాడతాడు కూడా. బరువైనది వస్తే "రావమ్మా, నీకోసమే చూస్తున్నా" అంటాడు.

ఇలాంటి మనిషికి కుంగ్‌ఫూ ఎలా అంటుకుందో చెప్పాలి. ఆరేళ్ళ కిందట గడియారాలు బాగుచేసే ఒకాయన షాపుకి ఇనప బీరువా దింపడానికి వెళ్ళాం. బీరువా గడపకి అడ్డంపడి కదలనంది. బావ కొక్కెం పక్కన పడేసి, బీరువా కాలుని ఉత్త చేత్తో పట్టుకుని, మణికట్టు వంచి ఒక్క గుంజు గుంజాడు. లోపలికి వచ్చేసింది. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న ఆయన ఆ భూతద్దంతోనే బావ చేతికేసి చూశాడు.

"ఏమయ్యా, ఆ మణికట్టు నాకిస్తావా?"

"మణికట్టు కావాలంటే మనిషి కూడా వస్తాడు సార్. విడిగా అమ్మం."

ఆయన్ని అందరూ గడియారాల మాస్టారంటారు. షాపు వెనక రేకుల షెడ్డులో రోజూ పొద్దున్నే ఆరింటికి గొల్లభామ కుంగ్‌ఫూ నేర్పేవాడు. గొల్లభామంటే తెలుసుగా, ముందు కాళ్ళు రెండూ ముడుచుకుని దణ్ణం పెడుతున్నట్టు నిలబడే ఆకుపచ్చ పురుగు. దణ్ణం పెడుతున్నట్టే ఉండి చటుక్కున ఈగని పట్టేస్తుంది. ఈ విద్యలో మనిషి చెయ్యి కూడా అలాగే కొక్కెంలా వంగుతుంది. వేళ్ళు ముడిచి, మణికట్టు దించి, ఎదుటివాడి చేతికి తగిలించి గుంజాలి. బావకిది కొత్తగా నేర్పే అవసరమే లేకపోయింది. నన్నూ లాక్కెళ్ళాడు. జోడీ లేకుండా ఈ విద్య రాదట, దెబ్బలు తినడానికి ఒకడు కావాలి. బామ్మర్దిగా పుట్టినందుకు ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

జోడీ వరస ఇలా ఉంటుంది. నేను బావ గుండె మీదికి గుద్దు వేస్తాను. బావ కుడిచేత్తో నా మణికట్టుని బయటి వైపు నుంచి కొక్కెంలా పడతాడు. ఎడమచెయ్యి నా మోచేతి పైన పడుతుంది. రెండు చేతులతో కిందికి గుంజుతాడు. నా తల ముందుకు తూలుతుంది. తూలే తలకి ఎదురుగా అతని పిడికిలి వస్తుంది. ఈలోగా అతని ఎడమపాదం, మడమ నేల మీద, వేళ్ళు పైకి, నా చీలమండకి అడ్డంగా ఆని ఉంటుంది, నేను వెనక్కి పోలేకుండా. నేను ఆ పిడికిలిని ఆపి, నా కొక్కెం వేస్తాను. ఇలా పద్దెనిమిది మార్లు ఇటూ అటూ. వరస ఇద్దరికీ ముందే తెలుసు. తెలిసినా, ఒకడు తన వంతు తప్పితే రెండోవాడి చెయ్యి తిన్నగా మెడ మీదికి వచ్చేస్తుంది.

ఈ ఏడు వానలు మొదలవగానే మాస్టారు స్టూలు మీంచి లేవకుండా చెప్పారు. "నా మోకాళ్ళు రాజీనామా ఇచ్చేశాయి. నెలాఖరుకి ఈ షెడ్డు తాళం ఒకరికి ఇచ్చేస్తాను. మీలో ఇద్దరికే వరస మొత్తం ఇంకొకరికి నేర్పేంతగా వచ్చు. ఇద్దరూ కలిసి మూడుసార్లు చెయ్యండి, ఒకసారిని మించి ఒకసారి వేగంగా. ఎవరి మెడ మీద చెయ్యి పడితే వాళ్ళు పక్కకి తప్పుకోవాలి."

ఆ ఇద్దరిలో ఒకడు మా బావ. రెండోవాడు జిమ్ములో కసరత్తులు నేర్పే కుర్రాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మంచివాడు, బావని "అన్నా" అనే పిలుస్తాడు, బావ "తమ్ముడూ" అంటాడు. ప్రతి దెబ్బా ఫొటో తియ్యమన్నంత అందంగా వేస్తాడు.

ఆ రోజు పనికి నడుస్తూ బావ అన్నాడు. "ఒరేయ్, ఇరవై ఏడేళ్ళలో నన్ను ఎవడైనా 'ఎన్ని' అనే అడిగాడు. ఎన్ని దించావు, ఎన్ని మిగిలాయి. 'ఎలా' అని ఒక్కడు అడగలేదు. ఆ షెడ్డులో నిలబడితే అడుగుతారు. నాకది కావాలి."

ఇంతకుముందు ఏదైనా కావాలని బావ నోటివెంట నేను వినలేదు.

కానీ ఒక చిక్కుంది. మెల్లగా చేస్తే బావ వరస అద్దంలా ఉంటుంది. వేగం పెరిగితే మాత్రం పన్నెండో మారు దగ్గర ఒంట్లో హమాలీ లేస్తాడు. కొక్కెం పడుతుంది, గుంజుతాడు, గుంజగానే గిరుక్కున తిరిగి నాకు వీపు చూపిస్తాడు. బస్తాని వాల్చుకోవడానికన్నమాట. నేను బస్తాని కాను కదా. నా చెయ్యి టప్పుమని అతని మెడ మీద పడేది.

"మళ్ళీ తిరిగావు బావా."

"తిరగలేదురా."

"నీ వీపు మీద చెమట మరక ఏ ఆకారంలో ఉందో చెప్పనా?"

రెండు వారాలు ఇదే గోల. చేతులు మార్చి చూశాడు. పళ్ళు బిగించి చూశాడు. "తిరగను, తిరగను" అని పైకి అనుకుంటూ తిరిగాడు. పగలంతా రెండొందల బస్తాలకి వీపు తిప్పి, పొద్దున గంటసేపు తిప్పకూడదంటే ఒళ్ళు మాత్రం ఎందుకు వింటుంది? నా చెయ్యి పడీ పడీ అతని మెడ ఎర్రబడింది.

చిక్కు ఎక్కడుందో పట్టుకుంది మా అక్క. అక్క మా గోడౌన్లోనే చిరిగిన బస్తాలు కుడుతుంది. ఓ మధ్యాహ్నం లారీ రావడం ఆలస్యమైతే మేమిద్దరం ఖాళీ జాగాలో వరస మొదలుపెట్టాం. అక్క దబ్బనం ఆపకుండానే చూసింది.

"ఏమయ్యా, నీ చేతులకి ఏ రోగం లేదు. ఎడమ మడమ ముందు తిరుగుతోంది."

"నువ్వు కూర్చుని బస్తాలు కుట్టుకోవే. కుంగ్‌ఫూ నీకేం తెలుసు?"

"నాకు కుంగ్‌ఫూ తెలీదు. పొద్దస్తమానం కింద కూర్చుంటాను, మీ మొహాలకంటే మీ కాళ్ళే నాకు ఎక్కువ తెలుసు. బస్తా గుంజేటప్పుడు నీ మడమ అరక్షణం ముందు తిరుగుతుంది. తర్వాత నడుం, ఆ తర్వాత వీపు. ఇప్పుడూ అంతే. మడమ ఆపు, వీపు దానంతటదే ఆగుతుంది."

బావ నాకేసి చూశాడు. నేను నేలకేసి చూశాను. దుమ్ములో అతని మడమ గీసిన అరచందమామలు డజను కనిపించాయి.

"ఎలా ఆపడం?" అన్నాడు బావ, ఈసారి గొంతు తగ్గించి.

అక్క దారం పళ్ళతో తెంపింది. "నా తమ్ముడున్నాడుగా. కాలు మీద కాలు వేసి తొక్కిపెట్టమను. వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటే, నా జడ అలాగే తొక్కేవాడు."

ఆ రోజు నుంచి నా పని అదే. గుద్దు వెయ్యడం, కొక్కెం పడగానే నా పాదం అతని ఎడమపాదం మీద పెట్టి నొక్కడం. మొదటి రోజు మడమ తిరగబోయి, నా బరువు కింద ఇరుక్కుని, ఇద్దరం కలిసి పడ్డాం. మూడో రోజుకి బావ పడలేదు, నేనొక్కణ్ణే పడ్డాను. వారం తిరిగేసరికి కింద మడమ కదలబోవడం, తనే గుర్తుపట్టి ఆగడం నా అరికాలికి తెలిసింది. పదో రోజుకి కదలబోవడమే మానేసింది. లారీ దగ్గర మాత్రం కొక్కెం తగలగానే ఎప్పట్లాగే తిరిగేవాడు. "ఇక్కడ తిరిగే టైము, అక్కడ ఆగే టైము" అనేవాడు మడమని తట్టి, డ్యూటీ మార్చినట్టు.

ఇంకోటి కూడా జరిగింది. అక్క మాట విన్నాక బావ అందరి కాళ్ళూ చూడ్డం మొదలుపెట్టాడు. షెడ్డుకి వచ్చే బస్సు డ్రైవరు కంగారు పడితే కుడికాలితో నేలని తొక్కుతాడు, అక్కడ బ్రేకున్నట్టు. దర్జీ పని చేసే ఆవిడ గుద్దు వచ్చేముందు మెడ కుడివైపు వాలుస్తుంది, మిషను మీద సూది చూసినట్టు. "ఎవరమూ పనిని ఇంటి దగ్గర వదిలి రాలేదురా, ఒంట్లో పెట్టుకునే వచ్చాం" అన్నాడు బావ.

నెలాఖరు పొద్దున. మాస్టారు స్టూలు మీద, తాళంచెవి మోకాలి మీద. రోజూ వచ్చేవాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. అక్క కూడా వచ్చి, అలవాటు కొద్దీ కిందే కూర్చుంది.

మొదటిసారి ఇద్దరూ నెమ్మదిగా, నూనె రాసినట్టు చేసుకుపోయారు. పన్నెండో మారు వచ్చింది. కొక్కెం, గుంజు, పిడికిలి. మడమ మేకు కొట్టినట్టు ఉంది. అక్క నాకేసి చూసి కళ్ళెగరేసింది.

రెండోసారి వేగం పెరిగింది. జిమ్ము తమ్ముడి చేతులు టపటపా పడుతున్నాయి. బావ చేతులు అంటుకునే ఉన్నాయి, జిగురు పూసినట్టు. మళ్ళీ పన్నెండు దాటింది. ఈసారి బావ మొహంలో చిన్న నవ్వు వచ్చింది. బరువైన బస్తా కనిపించినప్పుడు నవ్వే నవ్వు. అతను ఏదో చూశాడని నాకు అర్థమైంది, ఏమిటో కాలేదు.

మూడోసారి లెక్క పెట్టడం నాకు కష్టమైంది. చొక్కాల చప్పుడు, రేకుల కింద పాదాల చప్పుడు, అంతే. పదిహేను. పదహారు. తమ్ముడు చక్కటి దెబ్బ వేశాడు, బావ ఆపాడు. అప్పుడు తమ్ముడి కళ్ళు రెప్పపాటు ఎడమవైపు గోడకి వెళ్ళాయి. ఆ రెప్పపాటులో బావ కొక్కెం అతని మణికట్టు మీద పడింది, రెండో చెయ్యి మోచేతి పైన పడింది, కిందికి గుంజాడు, పిడికిలి లేచింది. లేచి, మెడకి వేలెడు దూరంలో ఆగింది. కొట్టలేదు. వేళ్ళు విప్పి మెడ మీద మెత్తగా పెట్టాడు, ధర్మామీటరు పెట్టినట్టు.

"అక్కడ అద్దం లేదు తమ్ముడూ" అన్నాడు. "నన్ను చూడు."

తమ్ముడికి అర్థం కాలేదు. "ఏం అద్దం అన్నా?"

"మీ జిమ్ములో సామాను దింపినప్పుడు చూశాను, గోడంతా అద్దాలే, నువ్వు నిలబడే చోటికి ఎడమ పక్కన. ఒక్కో దెబ్బ బాగా పడ్డప్పుడల్లా అటు చూసుకుంటావు. బాగా పడకపోతే చూడవు. మొదటిసారి నాలుగు మార్లు చూశావు, రెండోసారి ఆరు. నీ దెబ్బ ఎంత బాగుంటే నాకంత ఖాళీ దొరుకుతోంది."

గోడవార ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. మెల్లగా ఎడమవైపు గోడకేసి తిరిగి, తుప్పు పట్టిన రేకుని నిజంగా చూశాడు. తర్వాత తనూ నవ్వేశాడు. "నాలుగేళ్ళ నుంచి జిమ్ములో నేనే అందరికీ చెబుతాను అన్నా, అద్దం చూడండీ అద్దం చూడండీ అని."

మాస్టారు తాళంచెవి మోకాలి మీంచి తీశారు. "వీడు పక్కకి చూస్తాడని నాకు రెండేళ్ళుగా తెలుసు. ఎందుకు చూస్తాడో మాత్రం అంతు చిక్కలేదు. గడియారమైతే మూత విప్పి చూసేవాణ్ణి." తాళంచెవి బావ చేతిలో పెట్టారు. "నీకు మూత విప్పకుండానే కనిపిస్తోంది. కానియ్."

బావ తాళంచెవిని చొక్కా జేబులో కాకుండా కొక్కెం పెట్టుకునే నడుంపట్టీలో దోపుకున్నాడు. మాస్టారి కాళ్ళకి దణ్ణం పెడుతూ మోకాళ్ళు తాకబోతే ఆయన "వాటి జోలికెళ్ళకు, నొప్పి" అన్నారు.

మర్నాడు పొద్దున ఆరింటికి బావ షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఎప్పుడూ వచ్చేవాళ్ళు కాక కొత్తవాళ్ళు ముగ్గురొచ్చారు. పేర్లు అడగలేదు. "ఏం పని చేస్తారు?" అని ఒక్కొక్కర్నీ అడిగి, ఆ జవాబు వింటూ కాళ్ళు చూశాడు. ముందు వరసలో జిమ్ము తమ్ముడే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

"అన్నా, ఆ పన్నెండో మారు దగ్గర మడమ అలా ఎలా ఆపుతావు?"

బావ "ఎలా" అన్నాడు, ఆ మాటని రుచి చూస్తున్నట్టు. తర్వాత నన్ను ముందుకు పిలిచాడు.

"చూపిస్తాను. రారా."

నేను గుద్దు వేశాను. కొక్కెం పడింది. గుంజాడు. నా పాదం దానంతటదే వెళ్ళి అతని ఎడమపాదం మీద కూర్చుంది. షెడ్డంతా గొల్లున నవ్వింది.

బావ నా మణికట్టు వదల్లేదు. "ఇలా ఆపాను" అన్నాడు వాళ్ళతో. "ఈ బరువు పెట్టుకుని ఆపాను. ఇప్పుడు ఇది లేకుండా ఆగుతుంది." నావైపు తిరిగాడు, తల మాత్రమే. "ఇక దిగు బామ్మర్దీ."

నేను దిగాను. మడమ అక్కడే ఉంది.