మలుపులమ్మ వేసిన చదును దారి

మా వదినను పనివాళ్ళంతా మలుపులమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఆమె కోప్పడకపోయేసరికి ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. అటవీశాఖ తరఫున కొండల్లో నడకదారులు వేయించడం ఆమె పని. దారి తిన్నగా వేయమంటే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండిపడుతుంది. "శిఖరం కిందనుంచే కనబడిందనుకో, సగంమంది అక్కడే ఫొటో తీసుకుని ఇంటికి పోతారు. మలుపు అవతల ఏముందో తెలియకూడదు. అప్పుడే కాలు దానంతటదే ముందుకు పడుతుంది" అంటుంది.

ఆ మాట నిజమని నాకు తెలుసు. స్టేషను నుంచి కొండ మొదలుదాకా నడకవాళ్ళను వ్యానులో దింపేది నేనే. వెళ్ళేటప్పుడు వాళ్ళ గొడవంతా బూట్ల గురించీ, సంచుల గురించీ. తిరిగొచ్చేటప్పుడు ఆ ఊసే ఉండదు. వాగులో ఎవరు జారారు, ఏ బండ దగ్గర దారి తప్పామనుకుని బెంబేలెత్తారు, పొగమంచు విడిపోయి లోయ కనబడితే ఎవరు నోరు తెరిచారు, ఇదే గోల. సుఖంగా సాగిపోయిన చోటు గురించి ఒక్కరు చెప్పగా నేను వినలేదు.

ఇక మా అన్నయ్య. వీధిగదిలో కుట్టుమిషను పెట్టుకుని ప్యాంట్లు కుడతాడు. నడకంటే ఒళ్ళు బరువు. వీధి చివరి దుకాణానికి వెళ్ళాలన్నా నా వ్యాను కోసం ఎదురుచూసే రకం. అందుకే వదినకు అన్నయ్య బంగారం. కొత్త దారి సిద్ధం కాగానే ముందు ఈ బద్ధకస్తుడినే నడిపిస్తుంది. "ఇంకా ఎంత దూరం?" అంటూ అన్నయ్య ప్రాణం తోడేస్తాడు. అలా అడిగిన చోటల్లా వదిన ఏదో ఒకటి మారుస్తుంది. ఒకచోట పొద కొట్టించి లోయ కనబడేలా చేస్తుంది, ఇంకోచోట దారిని చెట్ల వెనక్కి తిప్పుతుంది. అన్నయ్య అడగడం మరిచిపోయి అందరికంటే ముందు నడిచాడంటే ఇక ఆ దారి తెరవొచ్చన్నమాట. "మీకు నచ్చితే లోకానికి నచ్చినట్టే" అంటుంది వదిన. పాపం, అన్నయ్య దాన్ని పొగడ్త అనుకుంటాడు.

పోయినేడాది అన్నయ్యకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు, కోలుకున్నాడు. రోజూ నడవమని, మెల్లగా కొండ కూడా ఎక్కొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కానీ మనిషిలో భయం దూరింది. మిషను ముందు కూర్చుని, గుండెమీద చెయ్యి వేసుకుని, కొట్టుకుంటోందో లేదో చూసుకునేవాడు. కొలతలు తీయడానికి లేవడం కూడా మానేసి, పాత ప్యాంటు తెచ్చిమ్మనేవాడు. జబ్బు వదిలేసిన మనిషిని ఆ కుర్చీ మింగేస్తుందేమోనని వదిన బెంగ పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఎగువ మడుగుకు దారి వేసే పని వచ్చింది. ఆ దారిని వదిన ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా వేయించింది. తను ముందు అనుకున్న మలుపులన్నీ వదిలేసింది. ఎత్తున్న చోటల్లా చదును చేయించింది. వాగుమీద చెక్కవంతెన, పక్కన పట్టుకోవడానికి కమ్మీలు, నాలుగడుగులకో సిమెంటు బల్ల. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నయ్య కుర్చీ వదలకపోయేసరికి, ఈసారి అతని పరీక్ష లేకుండానే దారి తెరిచారు. నేను దింపిన మొదటి జట్టు చూస్తూండగానే దిగొచ్చింది. ఎలా ఉందంటే, "బాగుంది, శుభ్రంగా ఉంది" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. శుభ్రంగా ఉందనడానికి అదేమన్నా హోటలా?

వదినతో అదే అన్నాను. "నీకు తెలీదు, నోర్మూసుకో" అంది. నాకు తెలియకేం? అది లోకం కోసం వేసిన దారి కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే వదిన మందుల సంచీ భుజాన వేసుకుని అన్నయ్య ముందు నిలబడి, "కొత్త దారి పరీక్ష చెయ్యాలి, లేవండి" అంది. ఇల్లాలి ఉద్యోగం సంగతి కాబట్టి అన్నయ్య కాదనలేకపోయాడు. నన్నూ రమ్మంది, అవసరమైతే మోయడానికి కాబోలు.

అన్నయ్య నడిచాడు. బల్ల కనబడగానే వదిన "కూర్చోండి" అనేది. బుద్ధిగా కూర్చునేవాడు. విచిత్రం, ఎంత దూరమని మాటవరసకైనా అడగలేదు. వదిన మొహం వెలిగిపోతోంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య ఆగిపోయాడు.

"ఏమండీ, ఆయాసంగా ఉందా?"

"ఆయాసం కాదు, విసుగు."

"మరి ఎంత దూరమని అడగనేలేదుగా!"

"అడగడమెందుకు? చివరిదాకా కనబడుతూనే ఉంది. బల్ల, బల్ల, మళ్ళీ బల్ల. ఆస్పత్రి వరండాలో నడిచినట్టుంది. నాకోసమే వేశావు కదూ?"

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను" అంది. ఆమె నోట అలాంటి మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అన్నయ్య గొంతు తగ్గించాడు. "నాకు భయమే, కాదన్ను. కానీ నీకు భయం లేదన్న ధైర్యంతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. నువ్వు కూడా నన్ను అయిపోయినవాళ్ళలో జమకట్టేస్తే, ఇంకెవర్ని చూసి లేవమంటావు?"

అంటూనే వంతెన వదిలి, పక్కనే వాగులో ఉన్న రాళ్ళమీద కాలు పెట్టాడు. రెండు రాళ్ళు దాటాక కాలు జారి మోకాలిదాకా నీళ్ళలో దిగబడ్డాడు. వదిన కెవ్వుమంది. నేను దూకబోయాను. అన్నయ్య వెనక్కి చూడకుండానే, ఆగమని చెయ్యి ఊపాడు. తూలుకుంటూ అవతలి గట్టెక్కి ప్యాంటు పిండుకున్నాడు. అక్కడినుంచి పాత కాలిబాట ఒకటి బండల చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. వదిన మొదట అనుకున్న దారి అదే. అన్నయ్య నిమ్మళంగా ఎక్కుతూ పెద్ద బండ వెనక్కి తిరిగాడు, ఇక కనబడలేదు.

"వదినా, వెనకాలే వెళ్ళనా?"

"వద్దు" అంది. అందేగానీ మందుల సంచీ పట్టీని పిడికిట్లో నలిపేస్తోంది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. ఆ కాసేపూ ఎలా గడిచిందో మా ఇద్దరికే తెలుసు.

ఉన్నట్టుండి పైనుంచి అన్నయ్య కేక వినబడింది. "ఏమోయ్! ఇక్కడ బాట రెండుగా చీలింది. ఎటు పోవాలి?"

రెండూ మడుగుకే పోతాయని వదినకు తెలుసు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెప్పను! మీకెటు బుద్ధిపుడితే అటు వెళ్ళండి!" అని కొండ దద్దరిల్లేలా అరిచింది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని, మందుల సంచీ మాత్రం భుజాన్నుంచి దించకుండా, వాగులో రాళ్ళమీదికి దిగింది.