రిజిస్ట్రీ సాఫ్ చేసిన రోజు

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు వైద్యం చేయడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదైనా ప్రత్యక్షమైనప్పుడు జడుసుకోకుండా ‘ఓకే’ నొక్కగలిగితే చాలు, వీధిలో నలుగురూ వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ ధైర్యం నాకు పుష్కలంగా ఉండేది. ధైర్యం వేరు, తెలివి వేరు అని అప్పటికి ఎవరూ చెప్పలేదు. (చెప్పి ఉన్నా ‘ఓకే’ నొక్కేసి ఉంటాను.) నాకు ఇరవై ఏళ్లు. మా బాపు, అంటే నాన్న, కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చి సాంచెలు నడుపుతూ నన్ను పెంచాడు. సాంచె అంటే మా వైపు మరమగ్గం. ఆ చప్పుడు నా చెవుల్లో పడకూడదని పట్టుబట్టి ఆరునెలల కంప్యూటర్ కోర్సులో చేర్పించాడు. కోర్సు కాగానే సూరత్‌లోనే లింబాయత్ పేటలో చీరల మీద ఎంబ్రాయిడరీ వేసే ఒక చిన్న కార్ఖానాలో ఉద్యోగం దొరికింది. నా కుర్చీ వెనక గోడకు అవతలే పన్నెండు ఎంబ్రాయిడరీ మిషన్లు రోజంతా దడదడలాడేవి. బాపు నన్ను ఏ చప్పుడు నుంచి తప్పించాడో మాత్రం తెలియలేదు.

నా పనిని పంచింగ్ అంటారు. కాగితం మీద గీసిన డిజైన్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో, ఏ రంగు దారం తర్వాత ఏ రంగు దారమో కుట్టు కుట్టుగా చెప్పాలి. కాగితం మీద గీసేది మాస్టర్ కాకా. బార్డోలీ నుంచి రోజూ బస్సులో వచ్చే గుజరాతీ పెద్దాయన. మా ఇద్దరి మీదా కార్ఖానా యజమాని సేఠ్ ఉండేవాడు. మంచివాడే గానీ, కంప్యూటర్ కూడా ఎద్దులాంటిదేననీ అదిలిస్తే పరిగెడుతుందనీ ఆయన నమ్మకం. మాది ముసలి కంప్యూటర్. డిజైన్ తెరవమని చెప్పి, నేను బయటికెళ్లి చాయ్ తాగి వచ్చినా అది ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. సేఠ్ దాని నెత్తిన అరచేత్తో ఒకటి చరిచి, “చల్, చల్!” అనేవాడు.

ఒకరోజు పొద్దున స్క్రీన్ మూల నుంచి ఎర్రటి కిటికీ ఒకటి తెరుచుకుంది. ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. మీ రిజిస్ట్రీలో వెయ్యిన్నొక్క తప్పులు ఉన్నాయి. వెంటనే శుభ్రం చేయండి’ అని దాని సారాంశం. నాకు చెమటలు పట్టాయి. ఒకటో రెండో అయితే సర్దుకుంటాం గానీ, వెయ్యిన్నొక్కటా? ఇంతకీ రిజిస్ట్రీ అంటే ఏమిటి? కోర్సులో ఆ పాఠం రాలేదు. (వచ్చిన రోజు నేను వెళ్లలేదేమో.) సేఠ్‌ను అడిగితే, “ఇల్లు కొన్నాక సర్కారు ఆఫీసులో రాయించుకునే కాగితం” అన్నాడు. మాస్టర్ కాకాను అడిగితే, “బడిలో హాజరు వేసే పుస్తకం, బేటా” అన్నాడు. ఇంటి కాగితానికీ బడి పుస్తకానికీ నా కంప్యూటర్‌కూ సంబంధం ఏమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అర్థం కానిదాన్ని ముట్టుకోకూడదని పెద్దలు అంటారు. శుభ్రం చేస్తే తప్పేముందని నేను అనుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా దించుకుని బటన్ నొక్కాను. పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకింది, తప్పులన్నీ సున్నా అయ్యాయి. ‘కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టండి’ అంది, పెట్టాను. నిజం చెబుతున్నాను, డిజైన్ టక్కున తెరుచుకుంది! సేఠ్ కళ్లు ఇంతలేసి చేసుకుని, “అరే వాహ్, మషీన్ తో దోడే ఛే!” అన్నాడు. మిషన్ పరిగెడుతోందట. అంతవరకు నన్ను ‘ఏయ్ కంప్యూటర్’ అని పిలిచిన మనిషి ఆ సాయంత్రం నుంచి ‘ఇంజనీర్ సాబ్’ అన్నాడు.

మర్నాడు మళ్లీ నొక్కితే మూడొందల పైచిలుకు తప్పులు కనిపించాయి. నిన్ననే సున్నా చేశాను కదా, ఇవి రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి వచ్చాయి? ఎప్పటిలాగే కంప్యూటర్‌ను ఆపకుండా స్క్రీన్ ఒక్కటే ఆపి వెళ్లాను, గదికి తాళం వేసి ఉంది. ఆలోచించి ఆలోచించి, గోడ అవతలి మిషన్ల నుంచి దారపు నూగు వచ్చి పడుతోందని తేల్చుకున్నాను. (నవ్వకండి. ఆ గదిలో చాయ్ గ్లాసులోనూ నూగే ఉండేది.) అప్పటి నుంచి పొద్దున్నే రాగానే దేవుడి పటానికి అగరొత్తి, కంప్యూటర్‌కు రిజిస్ట్రీ శుద్ధి. ఒకరోజు తప్పులు తక్కువ చూపిస్తే నిరాశగా ఉండేది, ఎక్కువ చూపిస్తే నా అవసరం ఇంకా ఉందని తృప్తిగా ఉండేది.

ఇలా ఉండగా మాస్టర్ కాకా కళ్లలో పొర కమ్మింది. రెండు వారాల తర్వాత సోమవారం ఆపరేషన్ అన్నారు. ఆ లోపు ఆయన ఒక పమిట డిజైన్ గీశాడు. రోజూ బస్సు కిటికీలోంచి చూసే చెరుకు తోటలు పూత మీద ఉన్నప్పుడు ఎలా ఉంటాయో అలా, వెండి రంగు కుచ్చులు గాలికి ఒకవైపే వంగి ఉన్నాయి. కాగితానికి ముక్కు ఆనించి వారం రోజులు గీశాడు. నా భుజం మీద చెయ్యి వేసి, “బేటా, కట్టు కట్టకముందు దీన్ని బట్ట మీద ఒక్కసారి చూడాలి. తర్వాత ఈ కళ్లు ఎలా ఉంటాయో ఏమో” అన్నాడు. నేను తలూపాను. పంచింగ్ పూర్తిచేశాను. శనివారం మధ్యాహ్నం మిషన్ మీదికి ఎక్కించాలి.

శనివారం పొద్దున, ఇంత ముఖ్యమైన పనికి మామూలు శుద్ధి చాలదనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ‘లోతైన శుద్ధి’ అని ఇంకో బటన్ ఉంది. ఎన్నాళ్లుగానో ఊరిస్తోంది. నొక్కాను. ‘తీసేసేవాటి నకలు దాచి ఉంచమంటారా?’ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఇల్లు ఊడ్చిన చెత్తను మూటగట్టి అటక మీద పెట్టుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా? వద్దన్నాను. పచ్చగీత పాకింది, కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది, నేను దర్జాగా డిజైన్ ప్రోగ్రాం మీద నొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. ‘ఈ ప్రోగ్రాం ఇక్కడ స్థాపించబడలేదు’ అని వచ్చింది. నిన్న సాయంత్రం దాకా నేను కూర్చుని పనిచేసిన ప్రోగ్రాం, అసలు లేనే లేదట! సేఠ్‌లాగే కంప్యూటర్ నెత్తిన చరిచాను. “చల్, చల్” అన్నాను. ఏడుపొచ్చింది. గోడ అవతల మాస్టర్ కాకా ఎవరితోనో, “ఇవాళ నా చెరుకు పూస్తుంది” అని చెబుతున్నాడు.

కడుపునొప్పి అని చెప్పి షేరింగ్ ఆటో ఎక్కి నవాగామ్‌లోని మా ఇంటికి పారిపోయాను. బాపు రాత్రి పాళీ చేసి వచ్చి నిద్రపోతున్నాడు. గడపలోనే కూలబడి, “బాపూ, రిజిస్ట్రీ పోయింది!” అన్నాను.

నేను ఎన్నుకున్న మాట ఎంత తప్పో ఆ క్షణాన తెలియలేదు. రెండు నెలల కిందటే, పదిహేడేళ్లు కిరాయి గదుల్లో బతికిన తర్వాత, ఆ ఒక్క గదిని బాపు తన పేరు మీద రిజిస్ట్రీ చేయించుకున్నాడు. మంచం మీది నుంచి ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు.

“ఏందిరా? రిజిస్ట్రీ పోవుడేంది? ఎట్ల పోయింది?”

“నేనే సాఫ్ చేసిన బాపూ. పొద్దుగాల.”

“సాఫ్ చేసినవా? ఏంతోని?”

“కంప్యూటర్ తోని.”

లోపలి నుంచి అవ్వ పరుగెత్తుకొచ్చింది. (మా వైపు అమ్మను అవ్వ అంటాం.) “అయ్యో, సందూకల పెట్టిన గదరా! తాళం నా కొంగుకే ఉన్నది గదా!” అంటూ ఇనుప సందూక తెరిచి, పట్టుచీరల కింద నుంచి ప్లాస్టిక్ సంచి లాగింది. కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి. బాపు వాటిని వెలుగులో పట్టుకుని చూశాడు, వేలితో రాసి చూశాడు. అక్షరాలు పోలేదు.

“గివి ఈడనే ఉన్నయి గదరా! మరి నువ్వు సాఫ్ చేసింది ఎవ్వని రిజిస్ట్రీ? సేఠ్‌దా?” అంటూ బాపు మంచం దిగాడు.

కంప్యూటర్‌కు కూడా ఒక రిజిస్ట్రీ ఉంటుందని వాళ్లకు నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అదేమిటి అని అవ్వ అడిగితే, నాకూ తెలియదని ఒప్పుకోవాల్సి వచ్చింది. “తెల్వనిదాన్ని ఎందుకు సాఫ్ చేసినవురా?” అంది.

గణేశ్ మండపంలో పరిచయమైన గోదావరి జిల్లా పెద్దమనిషి ఒకాయన సూరత్ పక్కనే ఉన్న హజీరాలో, ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉండేవాడు. మేమంతా హజీరా సార్ అనేవాళ్లం. ఆయనకు ఫోన్ చేశాను. అంతా విని, “అదేం పనయ్యా?” అన్నాడు. “రిజిస్ట్రీ అంటే చెత్తకుప్ప కాదు. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, దానికేం కావాలి అని కంప్యూటర్ రాసిపెట్టుకునే చిట్టా. అందులో పనికిరాని పేర్లు నాలుగు మిగిలిపోయినా దానికేం బరువు కాదు. పనికొచ్చే పేరు ఒకటి చెరిపేస్తే మాత్రం దారి తెలీక నిలబడిపోద్ది.”

“అంటే ఆ సాఫ్ట్‌వేర్ మంచిదా సార్, చెడ్డదా?”

“అక్కర్లేనిది.”

“అక్కర్లేకపోతే ఎందుకు తయారుచేసిన్రు సార్?”

“నీలాంటివాళ్లు ఉన్నారు కదా” అన్నాడు. “నకలు తీసి దాచావా?” “వద్దన్న సార్” అన్నాను. “సరేలే. నువ్వు చేసిన డిజైన్లు ఎక్కడికీ పోవు, వాటి ఫోల్డర్లోనే ఉంటాయి. ప్రోగ్రాం సీడీ వెతికి మళ్లీ ఎక్కించు. ముందెళ్లి మీ సేఠ్‌కి నిజం చెప్పు.”

ఆ చివరి మాటే కష్టమైనది. నా ముఖం చూసి బాపు చొక్కా తొడుక్కున్నాడు. ఆటోలో పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నప్పుడు నెమ్మదిగా అన్నాడు: “నూలు తెగితే తెగినకాడ ముడెయ్యాలె బిడ్డా. మంచిగ నడిచే సాంచెలకు కత్తెర పట్టుకొని పోతరారా ఎవరన్న?” హజీరా సార్ చెప్పిన చిట్టా కంటే ఇది నాకు తొందరగా ఎక్కింది.

కార్ఖానాలో నేను నోరు తెరిచేలోపే బాపు చేతులు జోడించి తన మగ్గాల హిందీలో, “సేఠ్, బచ్చా నాదాన్ హై. సాఫ్ కర్తే కర్తే సాఫ్ కర్ దియా” అన్నాడు. పాపం తెలియనివాడు, శుభ్రం చేస్తూ చేస్తూ మొత్తం తుడిచిపెట్టేశాడని. సేఠ్ కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. ఆ నవ్వులో నా ఇంజనీర్ హోదా కొట్టుకుపోయింది. వెంటనే అందరం సీడీ వేటలో పడ్డాం. అల్మారాలు, సొరుగులు, దారపు ఉండల పెట్టెలు అన్నీ వెతికాం. అరగంట తర్వాత మాస్టర్ కాకా తన బల్ల మీది నుంచి ఒక గుండ్రటి మెరుపును ఎత్తి, “దీన్నా మీరు వెతికేది?” అని అడిగాడు. చీరల మీద గుండ్రటి బుటాలు గీయడానికి ఆయన కొన్నేళ్లుగా ఆ సీడీ చుట్టూ పెన్సిల్ తిప్పుతున్నాడు! “బలే కొలత ఇది. అందుకే ఎవరికీ ఇవ్వలేదు” అన్నాడు.

అంచుల నిండా పెన్సిల్ మసి, మధ్యలో గీతలు. బాపు లుంగీ అంచుతో తుడిచి పెడితే మొదటిసారి కక్కేసింది. రెండోసారీ కక్కేసింది. మూడోసారి గుర్రుమని తిరిగింది. పచ్చగీత పాకుతుంటే ఈసారి నేను మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాను. ప్రోగ్రాం తెరుచుకుంది, అందులో చెరుకు తోట ప్రతి కుట్టుతో సహా అలాగే నిలబడి ఉంది. సాయంత్రం అయిదింటికి పమిట కుట్టడం పూర్తయి మిషన్ ఆగింది. మాస్టర్ కాకా బట్టను కళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. సరిగా కనబడలేదేమో, కళ్లు మూసుకుని దారం మీద వేళ్లతో తడిమాడు. “గాలి ఇటు నుంచే వీస్తుంది” అన్నాడు. ఓ మూల నిలబడి ఉన్న బాపు ఎందుకో తలపాగా గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. కాకా కళ్లు బాగయ్యాయి, ఆ తర్వాత చాలా ఏళ్లు గీశాడు. సీడీ మాత్రం మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

ఆ శుద్ధి సాఫ్ట్‌వేర్‌ను తీసేస్తుంటే అది, ‘ఇంకా నలభై తప్పులున్నాయి, నిజంగానే వెళ్లమంటారా?’ అని దీనంగా అడిగింది. వెళ్లమన్నాను. కానీ ఒక సందేహం పీకుతూనే ఉంది. అది ఎందుకూ పనికిరానిదైతే, రోజూ పొద్దున కంప్యూటర్ ఎలా పరిగెత్తింది? చాలా ఏళ్లకు ఒక పెళ్లి విందులో హజీరా సార్ కనబడితే అడిగాను. ఆయన అరటాకు మీది నుంచి తలెత్తి, “శుభ్రం చేశాక ఆపి మళ్లీ ఆన్ చేసేవాడివా?” అన్నాడు. అవునన్నాను. “అంతేనయ్యా. ఆ ఆపి ఆన్ చేయడమే వైద్యం” అని పులిహోర కలుపుకున్నాడు. ఏడాదిపాటు నేను చేసిన మహత్కార్యంలో నా వాటా ఒక స్విచ్ మాత్రమేనని తెలిసి ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మొన్న మా ఆవిడ లాప్‌టాప్‌లోనూ అలాంటి ఎర్ర కిటికీ తెరుచుకుంది. నేను అనుభవజ్ఞుడిలా గొంతు సవరించుకుని, అలాంటివాటిని నమ్మొద్దని, వాటివల్ల వచ్చే లాభం లేదని, నష్టం మాత్రం ఉందని చెప్పాను. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, దేన్నీ ఊరికే వదలదు. “అచ్ఛా, మరి రిజిస్ట్రీ అంటే అసలేంది? జర సమజ్ అయ్యేటట్టు చెప్పు” అంది.

“అదొక చిట్టా” అన్నాను.

“ఎక్కడుంటది?”

“లోపల.”

“లోపల అంటే?”

నేను లాప్‌టాప్‌ను ఒకసారి అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. తర్వాత చాయ్ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగే లోపు, ఏ అర్థమూ తెలియకుండానే ప్రపంచంలోని తప్పులన్నీ ఒక్క బటన్‌తో సున్నా చేసి కాలరెగరేసుకున్న ఆ ఇరవై ఏళ్ల కుర్రాడి మీద కొంచెం అసూయ పడ్డాను.