సగం వాడిన ఫిలిం

కొత్త కెమెరా కొనే స్తోమత లేని బడిపంతులు శౌరయ్య, పాతది అమ్ముతున్నారంటే చాలు, తిరువూరు నుంచి ఎంత దూరమైనా సైకిలెక్కేవాడు. డెబ్భై నాలుగులో విస్సన్నపేట కరీంబీ, చనిపోయిన భర్త కెమెరా అమ్ముతూ చెప్పింది: “శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీయాలంటే ఆయన్నే పిలిచేవారండీ. లోపల సగం వాడిన ఫిలిం ఉంది, తీసి పారేయండి.”

పారేస్తాడా, పిసినారి! మిగిలిన ఫిలిం మీద భార్య మేరమ్మను పెరట్లో ఎండకు కూర్చోబెట్టి, దూరంగా నిలబడి తీశాడు.

కడిగించి చూస్తే మేరమ్మ వెనక, దవడకు గుడ్డ కట్టి, ముక్కులో దూది పెట్టిన ముసలామె. ఆమె చెయ్యి మేరమ్మ భుజం మీద ఉంది.

“ఫిలిం తిప్పడం మరిచాను. ఒకదాని మీద ఒకటి పడింది,” అని నవ్వాడు శౌరయ్య.

మేరమ్మ నవ్వలేదు. “ఎండకు కళ్లు మూసుకున్నానండీ. నా భుజం సర్దింది మీరే అనుకున్నాను.”