మా తాత పెట్టిన అవిశ్వాసం

అమీర్‌పేట దర్జీల సంఘంలో మా తాత శివరాములే అందరికన్నా పాతవాడు. మెడలో టేపుతోనే స్నానానికి పోతాడని నానమ్మ ఫిర్యాదు. పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. మమ్మల్ని తిట్టాలంటే ముందు వాటిని తియ్యాలి, ఈలోపు మేం పారిపోతాం. మెట్రో మెట్ల పక్కన పోశవ్వ ఏళ్లుగా కుట్టుమిషను వేసుకునే చోటును సంఘం అధ్యక్షుడు తన బావమరిదికి కట్టబెట్టిన రోజున మాత్రం, తాత సూదులన్నీ తీసి పక్కన పెట్టి, ఆ అధ్యక్షుణ్నే దింపాలని అవిశ్వాసం పెట్టాడు.

"నువ్వు నిలబడు పెద్దాయనా, మేమున్నం" అని టీకొట్టు దగ్గర అందరూ అన్నారు. పంజాగుట్టలో మీటింగు రోజున తాత చెయ్యెత్తాడు. సంఘంలో అధ్యక్షుడి పార్టీకి అవతలి పార్టీవాళ్లు నలుగురున్నారు, వాళ్లూ సంబరంగా ఎత్తారు. అది చూసి, సగం దాకా లేచిన మిగతా చేతులన్నీ దిగిపోయాయి. "ఎలక్షన్ల ముంగట మన పార్టోణ్ని మనమే దింపితే వాళ్లు నవ్వరా?" అన్నాడు టీకొట్టు దగ్గర అందరికన్నా గట్టిగా అరిచిన కమలాకర్. తాత పోశవ్వ వైపు చూశాడు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. "పింఛను అధ్యక్షుని పార్టోళ్లే ఇప్పిచ్చిన్రు శివరాములన్నా. చోటు ఎట్లాగూ పోయింది, పింఛను సుత పోతే ఎట్ల?" అంది. లెక్క అయిపోయినా తాత చెయ్యి పైనే ఉంది. "ఇగ దించు తాతా, నొప్పి పుడ్తది" అని అధ్యక్షుడు నవ్వాడు. పోశవ్వే లేచి వచ్చి, ఆ చెయ్యిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.