పెద్దింటి టీవీ ముందు నా హిందీ

మొన్న ఆదివారం మా ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. అంతరిక్షం మీద తీసిన రెండు సీరియళ్ళలో ఏది గొప్పదన్న సంగతి మీద మా మనవడికీ మనవరాలికీ మాటామాటా పెరిగి, మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. అవి ఏ దేశం వాళ్ళు తీసినవో నాకు తెలియదు గానీ, అందులో మనుషులు మాట్లాడేది మాత్రం చక్కని తెలుగే. చివరికి ఇద్దరూ అమ్మమ్మనైన నా దగ్గరికొచ్చి, తీర్పు నువ్వే చెప్పాలి నానీ అన్నారు. నా గుండె ఝల్లుమంది. అరవై దాటిన మనిషికి పిల్లల తగువు చూసి గుండెదడేమిటని మీరు నవ్వుకోవచ్చు, కానీ ఇలాంటి తగువులోనే ఒకసారి నా బతుకు తెరువు గాలిలో దీపమైంది మరి.

ఎనభైల నడిమి సంగతి. ఉదయగిరిలో అప్పటికి టీవీలున్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. మా వీధి చివర పెద్దింట్లో ఒకటి ఉండేది. కొండ అడ్డం కాబట్టి బొమ్మ అంత సులభంగా పడేది కాదు, ఇనుప గొట్టాలు ఒకదానికొకటి అతికి మిద్దెమీద ఎత్తుగా నిలబెట్టిన యాంటెన్నాను ఒక మనిషి తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు వచ్చింది, పోయింది అని అరుస్తూ ఉండాలి. నా ఈడువాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఆదివారం ఉదయం హిందీలో ఒక సీరియలు వచ్చేది, మనవాళ్ళే ఒక ఆకాశ ఓడలో నక్షత్రాల మధ్య తిరుగుతుండేవాళ్ళు. వారం మధ్యలో ఒక సాయంత్రం ఇంగ్లీషువాళ్ళది అలాంటిదే ఇంకొకటి వచ్చేది. ఊరంతా మొదటిదానికే కట్టుబడిపోయింది, దానికి కారణం ఆ సీరియలు కాదు, నేను.

మా నాన్న, మేం అబ్బా అనేవాళ్ళం, చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కేవారు. ఆయన చేతిలో నున్నబడిన చెంచాను నెల్లూరు నుంచి వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. చేతులకు వణుకు పట్టుకున్నాక ఉలి నిలవక, పని ఆగిపోయింది. అదే సమయంలో మా ఊరి బడిలో హిందీ అయ్యవారు బదిలీ అయి వెళ్ళారు, ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. పెద్దింటి అవ్వ కొడుకు బడి కమిటీకి పెద్ద. ఇంటరు పాసైన నన్ను పిలిపించి, తాత్కాలికంగా నువ్వు చెప్పు, ఆడపిల్లకాయలకు ఆరూ ఏడూ తరగతులు అన్నారు. హిందీ నాకు అంతగా రాదేమో సార్ అని నేను నసిగితే ఆయన నవ్వేశారు. "మీ ఇంట్లో మాట్లాడేది అదే గదమ్మా, నీకు రాకుంటే ఇంకెవరికొస్తాది?"

ఊరందరి నమ్మకమూ అదే. తురకం వచ్చిన వాళ్ళకు హిందీ వచ్చినట్టేనని. మా ఇంట్లో మేం మాట్లాడేది కూర మాడిందా, నీళ్ళు తెచ్చావా, నీ మొహం మండా అన్నంత వరకే సరిపోయే ఉర్దూ. అమ్మీ నేర్పిన అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోతాయి, బడి హిందీ ఎడమ నుంచి కుడికి పోతుంది. పదో తరగతిలో ఎలాగో గట్టెక్కిన ఆ అక్షరాలనే మళ్ళీ దిద్దుకుంటూ, పిల్లల కంటే ఒక్క పాఠం ముందుండటానికి నానా తంటాలూ పడేదాన్ని. ఏ పిల్ల చెయ్యెత్తి సందేహం అడిగినా రేపు చెబుతానని కూర్చోబెట్టేదాన్ని. అయినా నెలజీతం అమ్మీ చేతిలో పెట్టిన రోజున అబ్బా మొహంలో కనబడిన నిశ్చింత చూశాక, రాదు అన్న మాట మళ్ళీ నా నోట రాలేదు.

ఇక టీవీ. పెద్దింట్లో ఎవరికీ హిందీ రాదు. కాబట్టి మొదటి ఆదివారమే అవ్వ నన్ను తన పక్కన పీట మీద కూర్చోబెట్టుకుని, వాళ్ళు ఏమంటే అది తెలుగులో చెప్పమంది. ఓడ కెప్టెను నోరు తెరిచాడు. ఏం హిందీ అది! ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, పురోహితుడు మంత్రం చదివినట్టుంది, పది మాటల్లో రెండు కూడా నాకు అందలేదు. వసారా నిండా జనం, అందరి కళ్ళూ నా మీద. కమిటీ పెద్ద పడక కుర్చీలో ఉన్నారు. హిందీ పంతులమ్మకే హిందీ అర్థం కాలేదంటే సోమవారం బడికి పోయే పనే ఉండదు. అంతలో కెప్టెను సొరుగులోంచి ఒక ఆడమనిషి ఫొటో తీసి చూసుకున్నాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. అది ఆయన భార్య అవ్వా, ఏదో నక్షత్రంలో తప్పిపోయింది, ఆమె కోసమే వెతుకుతున్నాడు అనేశాను. వసారా మొత్తం అయ్యో అంది.

ఒక అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి వంద ఆడాలని పెద్దలు ఊరికే అనలేదు. ప్రతి ఆదివారం ఓడ ఎక్కడికి పోయినా అది ఆ భార్య కోసమే పోవలసి వచ్చింది. తుపాకులు పేలినా ఆమె కోసమే, ఎవరైనా నవ్వినా ఆమె సంగతి తెలిసే. పోయిన వారం నేనేం చెప్పానో మరిచిపోతానేమోనని కొంగు నోట్లో పెట్టుకుని గుర్తు చేసుకునేదాన్ని. జనం మాత్రం పెరుగుతూ పోయారు. వరికుంటపాడు వైపు బస్సు తోలే డ్రైవరన్న ఆదివారం సెలవు అడిగి మరీ వచ్చి కూర్చునేవాడు.

పెద్దింటి కోడలిది ఆత్మకూరు. ఆమె అన్న అక్కడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు, ఇంగ్లీషు సీరియలంటే ప్రాణం. చెల్లెల్ని చూడటానికి వచ్చినప్పుడల్లా సీరియలు అయిపోయీ అవగానే కారం దోసెల ముందు వాదన మొదలయ్యేది. మీ ఓడ స్టీలు గిన్నెలు బోర్లించి చేసినట్టుందనీ, లోపలి గోడలు చెయ్యి తగిలితే ఊగుతున్నాయనీ, వాళ్ళది చూస్తే నిజంగా ఆకాశంలోనే తీశారనిపిస్తుందనీ ఆయన. అందులో సైన్సుంది, వెలుగు ఎంత వేగంగా పోతుందో లెక్క ఉంది అని కూడా అనేవారు. వీటిలో దేనికీ మావాళ్ళ దగ్గర జవాబు లేదు. అయినా ఓడిపోయేవాళ్ళు కాదు.

"సైన్సు తీసకపోయి కాలవలో పారేయి సార్" అనేవాడు డ్రైవరన్న. "మీ కెప్టెనుకి ఇల్లుండాదా, వాకిలుండాదా? మావాడు పెళ్ళాం కోసం నచ్చత్రాలన్నీ గాలిస్తా ఉండాడు. ఏది గొప్ప?"

అందరూ గొల్లున నవ్వేవాళ్ళు, నేను చట్నీ తెస్తానని లోపలికి పోయేదాన్ని. ఊరు గెలుస్తున్నది నేను కల్పించిన ఒక్క ముక్క మీద. ఇలా మూడుసార్లు ఓడిపోయాక ఆ లెక్చరరుగారికి పౌరుషం వచ్చింది. వచ్చే ఆదివారం మా ఇంటావిడను తీసుకొస్తాను, ఆమె హిందీ పండితురాలు, మీ సీరియల్లో అంత సరుకుందో లేదో ఆమే తేలుస్తుంది అన్నారు.

ఆ వారం నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. జ్వరమని పడుకుందామా అంటే, అవ్వ మనిషిని పంపి మరీ చూసి రమ్మంటుంది. కరెంటు పోవాలని మొక్కుకున్నాను, మాటిమాటికీ పోయే కరెంటు ఆ ఆదివారం మాత్రం నిక్షేపంగా ఉంది. బడిలో బోర్డు మీద రాసేది ఆపి, ఇదే నా ఆఖరి వారమేమోనని పిల్లల్ని ఒక్కొక్కరినే చూసుకున్నాను.

ఆదివారం లెక్చరరుగారి భార్య, ఆ పంతులమ్మ, వచ్చి అవ్వకు అటు పక్కన కూర్చుంది. సన్నగా, కళ్ళద్దాలతో, మాట తక్కువ మనిషి. సీరియలు మొదలైంది, కెప్టెను ఫొటో తీశాడు. చెప్పవే, దొరికిందంటనా అంది అవ్వ. అవ్వకు అటు పక్కన ఆ పంతులమ్మ తెరను చూస్తూ తల కొద్దిగా ఆడిస్తోంది, ప్రతి మాటా ఆమెకు తెలుస్తోంది. ఆమె నోటితో బయటపడటం కంటే నా నోటితో పడటమే నయమనిపించిందో, ఇక మోయలేకపోయానో, ఇప్పటికీ చెప్పలేను.

"అవ్వా, నాకు తెలీదు. వాళ్ళ హిందీ నాకు అర్థం కాదు. ఇన్నాళ్ళూ నేనే కల్పించి చెప్పినాను" అని భోరున ఏడ్చేశాను.

ముందుగా తేరుకున్నది డ్రైవరన్న. ఏందీ, ఆమె పెళ్ళాం కాదా అన్నాడు నీరుగారిపోయి. ఆమె వాళ్ళ అక్క, ఎప్పుడో చనిపోయిందంట అంది పంతులమ్మ మెల్లగా. లెక్చరరుగారు గెలిచినా నవ్వలేదు. కమిటీ పెద్ద పడక కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. అవ్వ మాత్రం నా వైపు తిరిగి, బోసినోటితో నవ్వింది.

"నాకు ఎప్పుడో తెలుసులే మే. వాడు నోరు మూసుకోనుంటే కూడా నువ్వు చెప్తానే ఉంటివి. కథ బాగుండాదని ఊరుకున్యా." అంతలోనే ఆ నవ్వు పోయింది. నా గడ్డం పట్టుకుని అడిగింది. "నాకు చెప్పింది సరే. బడిలో పిల్లకాయలకి కూడా ఇట్టనే చెప్తా ఉండావా?"

ఇన్నాళ్ళ నా భయమంతా ఉద్యోగం పోతుందనే. ఆ పిల్లల సంగతి ఒక్కనాడు కూడా నాకు తట్టలేదు, చెబితే సిగ్గుచేటు. సోమవారం ఎవరూ పొమ్మనకముందే నేనే పోయి మానుకుంటానని చెప్పి వచ్చాను. అబ్బా వణికే చేతులతోనే మళ్ళీ ఉలి తీసుకుని కూర్చున్నారు. అది చూడటం కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం వెళ్ళిపోతూ ఆ పంతులమ్మ, నేర్చుకోవాలని ఉంటే శనివారాలు రా అని ఆత్మకూరులో తన ఇల్లు ఎక్కడో చెప్పింది. పోయాను. బస్సు దొరికినా దొరకకున్నా, రెండేళ్ళు పోయాను. పరీక్షలన్నీ రాసి, నిజంగానే హిందీ పండితురాలినై, వింజమూరు చుట్టుపక్కల బళ్ళల్లో చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో మొదటి జీతం తీసుకునేనాటికి అబ్బా ఉన్నారు, అది నా అదృష్టం. అవ్వ లేదు.

ఈ రోజుల్లో ఏ భాష సీరియలైనా ఎవరింట్లో వాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు చూసుకుంటున్నారు. వాడేమంటున్నాడే అని పక్కవాళ్ళను అడిగే పని లేదు, చెప్పేవాళ్ళ మీద ఆధారపడే పని అసలే లేదు. మంచిదే, నాలాంటివాళ్ళ చేతిలో మోసపోకుండా. కానీ అంతమంది ఒక్క మనిషి మాట నమ్మి ఒక్కసారిగా అయ్యో అనడం నేను మళ్ళీ వినలేదు, వినను కూడా. ఆ ఏడాది నా దగ్గర ఆరూ ఏడూ చదివిన ఆడపిల్లలకు ఇప్పుడు యాభై ఏళ్ళుంటాయి. తర్వాత నేను చదువు చెప్పిన వందలమందిలో చాలామంది పేర్లు మరిచిపోయాను గానీ, నాకు రానిదాన్ని వచ్చినట్టు నమ్మి, నేను బోర్డు మీద రాసినదల్లా తప్పో ఒప్పో చూడకుండా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్న ఆ పిల్లల పేర్లు మాత్రం ఒక్కటి కూడా మరిచిపోలేదు.