కొమురయ్య ముక్కు

కొమురయ్య సీసాను పేరుతోని అడగడు, రుచితోని అడుగుతడు. ఆయనకున్న పిచ్చి గదొక్కటే. సిరిసిల్లల ఎవరైనా వైన్స్‌కు పోతే వేలు చూపిచ్చి, సీసా అందుకొని, జేబుల పెట్టుకొని పోతరు. కొమురయ్య అట్ల కాదు. కండ్లద్దాలు తుడుసుకుంటడు, కౌంటర్ ఇనుప జాలీల నుంచి లోపలికి తొంగి చూస్తడు, అప్పుడు మెల్లగ అడుగుతడు.

"తమ్మీ, బెల్లం పాకం వాసన వచ్చేది ఏదన్న ఉన్నదా?"

జాలీ అవతల ఉండేటోడు సంపత్. నర్సన్న పెట్టిన వైన్స్‌ల ఆరేండ్ల సంది కౌంటర్ చూస్తున్నడు.

"కాకా, గిది కిరాణం కాదు. బ్రాండు చెప్పు."

"బ్రాండు సీసా మీది కాయిదం మీద ఉంటది. నాలుక మీద ఉంటదా?"

"మరి ఏది ఇయ్యమంటవ్?"

"పోయిన ఐతారం ఎర్ర మూతది ఇచ్చినవు. మొదాలు ఎండు ద్రాక్ష లెక్కనే ఉన్నది. ఆఖరుకు తాళంచెవి నాకినట్టయింది. తాళంచెవి లేనిది ఇయ్యి."

ఎనుక లైన్ల నిలబడ్డోళ్ళు మొత్తుకుంటుండిరి. కొమురయ్యకు ఇనబడదు. ముప్పై అయిదేండ్లు బట్ట నేసే సాంచలు నడిపిండు, ఆ మోతకు చెవులు సగం పోయినయి. చెవులల్ల తగ్గిందంత ముక్కుల చేరిందని వాడకట్టోళ్ళు అంటరు. భార్య అంజవ్వ ఇంట్ల పప్పు మాడగొడితే, రెండు గల్లీల అవతల సాంచ కాడ నిలబడి "అంజీ, పొయ్యి బంద్ చెయ్యి" అని మొత్తుకున్నడట. నిజమో అబద్ధమో, అంజవ్వ మాత్రం కాదనలే.

ఒకసారి కొమురయ్య కొండగట్టు అంజన్న దర్శనానికని పోయిండు. ఒక్క దినంల రావల్సినోడు మూడు దినాలకు వచ్చిండు. బస్సు దిగి ఇంటికి గూడ పోలే, నేరుగ కౌంటర్ కాడికే వచ్చి ప్రసాదం పొట్లం జాలీల నుంచి ఇచ్చిండు.

"సంపతూ, జగిత్యాలల నాలుగు వైన్సులు చూసిన. కోరుట్లల మూడు చూసిన. కోరుట్లల ఒక సీసా ఉన్నది, బూర్బన్ అంటరట. మక్కలతోని చేస్తరట! గది నీ కాడ ఎందుకు లేదు?"

"అది అమెరికాది కాకా. ఇక్కడికి రాదు."

"అమెరికా నుంచి కోరుట్లకు వచ్చింది గదా! కోరుట్ల నుంచి సిరిసిల్లకు రానీకి దానికేం రోగం?"

ఆ మాట చెప్పుల ముల్లు లెక్క సంపత్‌కు నడిచినప్పుడల్ల గుచ్చింది. తెల్లారి సరుకు తేనీకి డిపోకు పోయినప్పుడు అక్కడి క్లర్కును అడిగిండు. ఆయన ఇప్పి చెప్పిండు. బయటి దేశపు కంపెనీ ఏ రాష్ట్రంల అమ్ముకోవాల్నంటే ఆ రాష్ట్రంల ఒక్కొక్క రకం సీసాకు పర్మిషన్ తీసుకోవాలె. అందుకే ఒక రాష్ట్రంల దొరికేది ఇంకొక రాష్ట్రంల దొరకదు. మన దిక్కు వచ్చేటియి గూడ కొన్ని పెట్టెలే. హైదరాబాద్ దుకాణాలే శానమట్టుకు ఎత్తుకపోతయి. మిగిలినయి ఏ ఊరోళ్ళు అడిగితే ఆ ఊరికి పోతయి. కోరుట్లల గల్ఫ్ పోయొచ్చినోళ్ళు ఎక్కువ. అక్కడ పేరు ఇన్నోళ్ళు ఇక్కడికొచ్చి అడుగుతరు, దుకాణపోడు తెప్పిస్తడు.

సంపత్ గదంత కొమురయ్యకు చెప్పిండు. కొమురయ్య చెయ్యి చెవి కాడ పెట్టుకొని పూర్తిగ ఇన్నడు.

"అంటే, అడిగేటోడుంటెనే వస్తదన్నట్టు?"

"గంతే కాకా."

"అయితే నేను అడుగుడు అస్సలు ఆపద్దు!"

ఆపలే. "కాల్చిన మక్క కంకి వాసన వచ్చేది వచ్చిందా?" అని రోజూ పొద్దుగాల అడిగిండు, మాపటీలి అడిగిండు. నెల దినాలు చూసి, తనతోని సాంచలు నడిపిన నలుగురిని కలుపుకొని, కోరుట్లకు పోయి ఆ సీసా తనే తెచ్చుకున్నడు. తెచ్చుకున్నంక గూడ అడుగుడు మానలే.

"ఇప్పుడేం కావాలె కాకా?"

"మక్కది అయిపోతే మళ్ళ? పొగ వాసన వచ్చేది ఉంటదట. ఏ ఊర్ల దొరుకుతది?"

ఆఖరుకు నర్సన్నకు తిక్కరేగింది. "సంపతూ, గా ముసలాయన ముక్కుకు నా గిరాకంత ఆగుతున్నది. ఇగ ఇటు రావద్దని చెప్పు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"నేనే చెప్త సేటు" అన్నడు సంపత్. నర్సన్న చెప్తే గల్లీ మొత్తం ఇనేటట్టు చెప్తడని వానికి ఎరుక.

ఇంకొక సంగతి గూడ సంపత్‌ను సతాయిస్తున్నది. మల్లయ్య కనబడుత లేడు. కొమురయ్యతోని సాంచలు నడిపినోడే. ప్రతి ఐతారం షట్టర్ లేవంగనే మొదలు నిలబడేది ఆయనే. క్వార్టర్ తీసుకునుడు, గోడ పక్కపొంటి పోయి గటగట ఎత్తుకునుడు, మళ్ళ వచ్చుడు. అసొంటోడు రెండు నెలల సంది పత్తా లేడు. పానం బాగలేదేమో అనుకున్నడు సంపత్. సెలవు పెట్టిన ఐతారం రెండు పనులు ఒక్కసారే అయితయని కొమురయ్యోళ్ళ వాడకు పోయిండు.

కొమురయ్య ఇంటి ముంగట రేకుల కింద అయిదుగురు కూసున్నరు. ఒక్కొక్క గ్లాసుల వేలెడు గూడ లేదు. నడుమల పల్లీలు, ఉడుకబెట్టిన గుడ్లు. మల్లయ్య కండ్లు మూసుకొని గ్లాసును ముక్కు కాడ పెట్టుకున్నడు.

"చిన్నప్పుడు మా అవ్వ కట్టెల పొయ్యి మీద మక్క రవ్వతోని గట్క వండేది. అడుగంటిన గట్క మీద బెల్లం తురిమేది. గది!" అన్నడు మల్లయ్య.

"నిజమేరా, గట్కనే" అన్నడు ఒకాయన. "అవు, గట్కనే" అన్నరు ఇంకిద్దరు.

అందరు కొమురయ్య దిక్కు చూసిండ్రు. ఆయన శానసేపు వాసన చూసి తల అడ్డంగ ఊపిండు.

"ఉహూ. నాకు అగర్‌బత్తి వస్తున్నది."

"అగర్‌బత్తా! నీ ముక్కుకేమన్న అయ్యిందా?" అని మల్లయ్య కండ్లు తెరిసి సక్కగ కూసున్నడు. మళ్ళ లొల్లి షురువైంది.

గడప కాడ గుడ్ల పొట్టు తీసుకుంట కూసున్న మల్లయ్య భార్య బాలమ్మ, సంపత్‌ను దగ్గరికి పిలిచింది.

"చూసినవా తమ్మీ? అయిదుగురి మాట కలిసేదాక మళ్ళ సీసా మూత తియ్యద్దు. గది ఇక్కడి కానూన్. మా కొమురయ్యన్న కావాలనే కలవనియ్యడు."

"కావాలనేనా అక్కా?"

"మరి? మా ఆయన పొద్దుగాలనే ఎత్తిపోసుకొని ఏ మోరి కాడ పడ్డడో అని ఎతుక్కుంట తిరుగుదును. తాగద్దంటే కొట్లాటకొస్తుండె. అన్న ఒక్కనాడు తాగద్దనలే. 'నీ ముక్కు మంచిది మల్లయ్యా, జర వాసన చెప్పు' అన్నడు. గంతే. ఇప్పుడు వేలెడు తాగేవరకు బువ్వ యాళ్ళయితంది."

"మరి కోరుట్లదాక పోవుడు ఎందుకు?"

"ఇక్కడియి రెండు మాటలకే తేలిపోతున్నయట. పంచాతి తెగితే మళ్ళ పోసుకుంటరు గదా! తెగని వాసన కావాలని అన్న ఊరూరు తిరుగుతున్నడు."

సంపత్‌కు నవ్వు ఆగలే. నర్సన్న చెప్పుమన్న మాట గొంతులనే కరిగిపోయింది. పోయి కొమురయ్య పక్కన కూసొని చెవిల అడిగిండు.

"కాకా, నిజంగ అగర్‌బత్తి వచ్చిందా?"

కొమురయ్య అటిటు చూసిండు. "రాలే. గట్కనే. వానికి చెప్పకు."

"సరేగని, ఐతారం రాకు కాకా, లైను ఉంటది. మంగళారం పగటీలి రా, మనిషి ఉండడు. ఎంతసేపు అడుగుతవో అడుగు."

బాలమ్మ బువ్వకు పిలిచింది. మల్లయ్య "అగర్‌బత్తి ఎట్లయితది? ఎట్లయితదంట?" అనుకుంటనే లేచి, తిన్నగ నడుసుకుంట పోయి పల్లెం ముంగట కూసున్నడు.

గ్లాసు రేకుల కిందనే మర్సిపోయిండు.