పెట్టెలో మోటారు

దీవిలోని గరాచర్మలో ఉండే యిర్మియా కారులో హీటరు బ్లోయర్ మోటారు పోయింది. గాలి రాదు, వాన పడితే అద్దమంతా ఆవిరి. పక్కన కూర్చుని తుడిచి తుడిచి ఆయన భార్య లీదియాకి చెయ్యి పడిపోతోంది. నెల తర్వాత చెన్నై ఓడలో కొత్త మోటారు దిగితే, ఆయన డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, తుప్పు పట్టిన స్క్రూలతో పూటంతా కుస్తీ పట్టి పాతది ఊడదీశాడు. దులిపి బ్యాటరీకి తగిలిస్తే అది మూలుగుతూ తిరిగింది. అంతే, మళ్ళీ దాన్నే బిగించాడు. "మరి కొత్తది?" అంది లీదియా. "ఇది పూర్తిగా పోయిననాడు చెన్నై జహాజ్ రాకపోతే?" అంటూ కొత్తదాన్ని ట్రంకుపెట్టెలో, ఏళ్ళ తరబడి విప్పని మిక్సీ పక్కన దాచాడు.

ఆదివారం చర్చికి వెళుతుంటే వాన పట్టుకుంది, మోటారు ఆగింది. "కాస్త తుడువు," అన్నాడు. లీదియా చేతులు కట్టుకుంది. "గుడ్డ కొత్తదండీ. మీ పెట్టెలోనే దాచాను."